ఎర్ర చుక్క

ఆసుపత్రిలో నన్ను అందరూ పొదుపక్క అంటారు. వెనకాల పిసినారి అని కూడా అంటారని తెలుసు. అనేవాళ్ళు ఎవరెవరో కూడా తెలుసు. నాకేం బాధ లేదు. ఆపరేషన్ థియేటర్లో మత్తు మిషన్లు చూసుకునే టెక్నీషియన్‌గా పద్దెనిమిదేళ్ళు పనిచేశాక, ఖరీదైన మందు నీళ్ళలా ఖర్చవుతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు.

సంగతేమిటంటే, రోగిని నిద్రలో ఉంచే మందు సీసాలో ద్రవంగా ఉంటుంది. మిషను దాన్ని ఆవిరి చేసి, ఆక్సిజన్‌లో కలిపి, గొట్టం గుండా రోగికి పంపుతుంది. నిమిషానికి ఆరు లీటర్లు వదిలితే అందులో రోగి ఒంటికి పట్టేది కొంచెమే. మిగిలిందంతా పైపులోంచి బయటికి పోతుంది. అదే సగం లీటరు వదిలితే, రోగి విడిచిన ఊపిరే మిషనులో చుట్టు తిరిగి మళ్ళీ రోగికి చేరుతుంది, మందు మిగులుతుంది. అయితే ఆ ఊపిరిలో ఉండే చెడ్డగాలిని ఎవరో ఒకరు తినెయ్యాలి కదా. ఆ పని మిషను పక్కనుండే డబ్బాలోని సోడా లైమ్ చేస్తుంది. చూడ్డానికి తెల్లటి సున్నపు గుళికలు. తిని తిని కడుపు నిండాక ఊదారంగుకి మారతాయి. మారితే పారేసి కొత్తవి పొయ్యాలి. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

పోయిన ఏడాది పైవాళ్ళు మత్తు విభాగంలో మా పెద్ద డాక్టరు గారిని పిలిచి, మత్తుమందు ఖర్చు సగానికి తగ్గించకపోతే ఆ మందు కొనడమే మానేస్తామన్నారు. ఆయన దిగులుగా వచ్చి స్టూలు మీద కూలబడ్డారు.

"నాకు వదిలెయ్యండి సార్" అన్నాను.

థియేటర్ గోడకి పెద్ద చార్టు అంటించాను. మత్తు ఇచ్చే ప్రతి డాక్టరుకీ ఒక వరస. రోగి నిద్రలోకి జారాక, మళ్ళీ లేపేదాకా, గాలి ఒక లీటరు దాటకుండా చూస్తే ఆకుపచ్చ చుక్క. దాటితే ఎర్ర చుక్క, పక్కన కారణం. నెలాఖరు మీటింగులో ఎర్ర చుక్కలు నేనే చదివి వినిపించేదాన్ని. సోడా లైమ్ డబ్బా మీద తేదీ రాసి అంటించే చీటీలు కూడా ఎత్తేయించాను. వారం తిరగ్గానే, సగం తెల్లగా ఉన్న గుళికల్ని కూడా చెత్తబుట్టలో కుమ్మరిస్తుంటే నా కడుపు తరుక్కుపోయేది. "తేదీ కాదు, రంగు చూడండి" అని అందరికీ చెప్పాను. నెలకి ఇరవై రెండు సీసాలు వాడేవాళ్ళం తొమ్మిదికి దిగాం.

మా ఆయనకి ఈ చుక్కల వ్యవహారం నచ్చలేదు. ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. ఇరవై ఏళ్ళుగా రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పక్క సీట్లో కూర్చునే మనిషి. ఇద్దరికీ కలిపి దేవుడిచ్చిన కోపమంతా నా ముక్కు మీదే ఉంది కాబట్టి, ఆయన ఎవరి మీదా గొంతు లేపి ఎరగడు.

"బ్రేకు తొక్కినందుకు నేనెవర్నీ తిట్టను" అన్నాడు, ఒకరోజు కంచం ముందు కూర్చుని. "ఊరికే తొక్కినా తిట్టను. ఒక్కసారి తిట్టానంటే, నిజంగా తొక్కాల్సొచ్చినప్పుడు ఆలోచిస్తారు."

"ఇది కారు కాదండీ, ఆసుపత్రి" అని కొట్టిపారేశాను.

అలాంటి మా ఆయనకి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు తేలాయి. ఆపరేషన్ మా ఆసుపత్రిలోనే, మా థియేటర్లోనే. బుధవారం పొద్దున స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే తలుపు దగ్గర తలెత్తి, "నాకూ సగం లీటరేనా?" అన్నాడు.

"మీకు అదీ దండగే" అన్నాను.

స్ట్రెచర్ తోసేవాళ్ళు కూడా నవ్వారు. తలుపులు మూసుకున్నాయి.

సొంతవాళ్ళు టేబుల్ మీద ఉంటే ఆ రోజు సిబ్బంది లోపలికి రాకూడదన్నది మా థియేటర్ కట్టుబాటు. చేతులు వణికే మనిషి లోపలుంటే చూసుకోవాల్సిన రోగులు ఇద్దరవుతారని పెద్ద డాక్టరు గారు అంటారు. అందుకని సెలవు పెట్టి, అందరిలాగే బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పక్కన వదిన, అంటే మా ఆయన అక్కగారు. ఆవిడ టైలరు. ఖాళీగా కూర్చోవడం చేతకాక ఎవరిదో చొక్కాకి గుండీలు కుట్టుకుంటోంది.

"ఎంతసేపు పడుతుందే?"

"గంట, వదినా. కడుపులో గాలి నింపి, చిన్న చిన్న కన్నాలు పెట్టి తీసేస్తారు."

"గాలి నింపడమేంటి నీ మొహం! వాడికసలే గ్యాసు."

ఫక్కున నవ్వాను. ఆ రోజు నేను నవ్వింది అదే ఆఖరు.

గోడ గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. ఈపాటికి నిద్రపుచ్చి ఉంటారు. నా చేతులు ఊరుకోవు కాబట్టి, రోజూ సాయంత్రం థియేటర్ మూసేటప్పుడు చూసుకునే పనులన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. బొటనవేలు, ఆక్సిజన్ సిలిండరు. చూపుడువేలు, రక్తం లాగేసే సక్షన్ మిషను. నడిమివేలు, మందు ట్యాంకు మూత. ఉంగరపువేలు, సోడా లైమ్ డబ్బా.

వేలు అక్కడ ఆగిపోయింది.

నిన్న నాలుగింటికి ఆఖరి కేసు అయిపోయింది. డబ్బా చూశాను. ముప్పావు వంతు ఊదారంగు. మారుద్దామని క్లిప్పు మీద చెయ్యి వేశాను. అప్పుడే స్టోరు ఆయన ఇంటర్‌కమ్‌లో పిలిచాడు. "పొదుపక్కా, ఈ నెల ఎనిమిదే సీసాలు! సూపరింటెండెంట్ గారు నిన్ను పిలుస్తున్నారు, రా." వెళ్ళాను. టీ ఇచ్చారు. నాలుగు మంచి మాటలు చెప్పారు. నాకు సిగ్గు కూడా వేసింది. ఆ సంతోషంలో అక్కణ్ణుంచి అటే ఇంటికి వెళ్ళిపోయాను.

డబ్బా మార్చలేదు.

మార్చకపోతేనేం, పొద్దున ఎవరో ఒకరు ఊదారంగు చూసి మార్చి ఉంటారు అనుకోవడానికి లేదు. ఆ గుళికలకి ఒక దొంగబుద్ధి ఉంది. రాత్రంతా పని లేకుండా ఉంటే ఊదారంగు వెలిసిపోయి మళ్ళీ తెల్లబడతాయి. పోయిన బలం తిరిగి రాదు, రంగు మాత్రం పోతుంది. పొద్దున చూసినవాళ్ళకి కొత్త డబ్బాలాగే ఉంటుంది. ఇది నాకు తెలుసు. అందుకే ఎప్పుడూ సాయంత్రమే, రంగు ఉండగానే మార్చేదాన్ని. మిగతావాళ్ళకి ఈ సంగతి చెప్పానా? ఎంత ఆలోచించినా చెప్పినట్టు గుర్తు రాలేదు. తేదీ చీటీ ఉంటే దొరికిపోయేది. చీటీలు ఎత్తేయించిన మహాతల్లిని నేనే.

మనసుకి సర్దిచెప్పుకున్నాను. లోపల మానిటరుంది. ఊపిరి ఒక గీతలా కదులుతుంటుంది. రోగి ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు ఆ గీత సున్నాకి దిగాలి. డబ్బా పనిచెయ్యకపోతే దిగదు. మత్తు చూసుకునే కొత్త డాక్టరమ్మ చూస్తుంది. చూస్తే చెయ్యాల్సింది ఒక్కటే, నాబ్ తిప్పి ఆరు లీటర్లు వదిలెయ్యడం. తాజా గాలి వచ్చి చెడ్డగాలిని బయటికి తోసేస్తుంది. తర్వాత నింపాదిగా డబ్బా మార్చుకోవచ్చు. రెండు సెకన్ల పని.

అప్పుడు చార్టు గుర్తొచ్చింది.

కొత్త డాక్టరమ్మ వచ్చి మూడు నెలలే అయింది. ఆమె వరసలో మూడు ఎర్ర చుక్కలు. పోయిన మీటింగులో అవి చదువుతూ, "మేడమ్ గారు గాలి మీద బాగా ఉదారంగా ఉన్నారు" అన్నాను. గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అది చూసి, మందు బాగానే పనిచేసిందని అనుకున్నాను కూడా.

పైగా మా ఆయన కడుపులో నింపుతున్నది కూడా ఆ చెడ్డగాలే. ఈ ఆపరేషన్లో అది కాస్త పెరగడం మామూలే. అందువల్లేలే అనుకుని ఊరుకోవడానికి కొత్తవాళ్ళకి కావలసినంత సాకుంది. పెద్ద డాక్టరు గారు పక్కనే ఉంటే ఫరవాలేదు. కానీ బుధవారాలు ఆయన ఒకరిని నిద్రపుచ్చి, వెంటనే రెండో థియేటర్లో పసిపిల్లల కేసులకి వెళ్ళిపోతారు.

ఫోను తీసి ఆయనకి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. కొత్త డాక్టరమ్మకి చేశాను. అదీ అంతే. ఫోన్లన్నీ లాకర్లో ఉంటాయి. అది కూడా మా కట్టుబాటే.

"ఏమైందే? మొహం అలా పాలిపోయిందేం?"

"ఏం లేదు వదినా."

"ఏం లేకపోతే ఆ కాలెందుకలా ఆడుతోంది?"

లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. అక్కడ కాపలా ఉండే పెద్దాయన్ని అందరం గేటు మామ అంటాం.

"మామా, ఒక్క నిమిషం లోపలికెళ్ళాలి."

"మీవాళ్ళ కేసు కదమ్మా. కుదరదు."

"ఒక్క మాట చెప్పి వచ్చేస్తాను."

"పోయిన నెల సర్జన్ గారి బావమరిదిని వదిలానని అందరి ముందూ నన్ను వాయించేశారు. ఎవరు వాయించారు? మీరే. ఇప్పుడు మిమ్మల్ని వదిలితే ఎలాగమ్మా?"

నా మొహం చూసి ఆయనకి జాలి పుట్టిందేమో, ఇంటర్‌కమ్ తీసి నెంబరు నొక్కి చేతికిచ్చాడు. లోపల మోగుతోంది. మోగుతూనే ఉంది. గ్లవ్స్ వేసుకున్న చేతులు ఫోను ముట్టుకోవు, ఖాళీ చేతులున్న నర్సూ, నా బదులు వచ్చిన టెక్నీషియనూ ఏ సామానుకో వెళ్ళి ఉంటారు. పన్నెండుసార్లు లెక్కపెట్టాను. గడియారం తొమ్మిదీ ముప్ఫై ఎనిమిది.

ఆ హాల్లో ఇరవై మంది కూర్చుని ఉన్నారు. వాళ్ళలో సగం మంది తాలూకు రోగులు లోపల మా చేతుల్లోనే ఉన్నారు. అందరూ నావైపే చూస్తున్నారు. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా నా తప్పని ఎవరితోనూ అనిపించుకోలేదు. నిన్న సాయంత్రమేగా టీ తాగి, పొగడ్తలు విని వచ్చింది. నిజం చెబుతున్నాను, అంత భయంలోనూ ఒక్క క్షణం పరువు గుర్తొచ్చింది. దానికి ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

"మామా, నిన్న నేను డబ్బా మార్చలేదు" అన్నాను. గొంతు నేననుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది. "తప్పు నాది. లోపల ఆయనకి ఊపిరితో చెడ్డగాలి పోతూ ఉండొచ్చు. వాళ్ళకి తెలీదు."

వెనకాల గుండీలు గచ్చు మీద పడి దొర్లిన చప్పుడైంది. గేటు మామ ఇంకొక్క మాట అడగలేదు. గొళ్ళెం తీశాడు.

"చెప్పులు" అన్నాడు. విడిచేశాను. "టోపీ" అని చేతిలో పెట్టాడు. మాస్కు నేనే లాక్కుని పరిగెత్తాను.

మొదటి థియేటర్ తలుపుకి గుండ్రటి అద్దం ఉంటుంది. అందులోంచి మానిటరు కనబడదు, అటు తిరిగి ఉంటుంది. మా ఆయన కనబడడు, పచ్చగుడ్డల కింద ఉన్నాడు. కనబడేది మిషను మీది నిలువు గాజు గొట్టం. అందులో చిన్న బిళ్ళ ఒకటి, గాలి ఎంత వదిలితే అంత పైకి తేలుతుంది. ఏడాదిగా ఆ బిళ్ళ కాస్త పైకి లేచిందంటే చాలు నా ఒళ్ళు మండిపోయేది.

ఇప్పుడది అడుగున ఉంది. సగం లీటరు దగ్గర.

కొత్త డాక్టరమ్మ మానిటరు వైపు చూస్తూ నిలబడి ఉంది. ఆమె కుడిచెయ్యి నాబ్ మీదే ఉంది. తిప్పడం లేదు. మానిటరు వైపు చూస్తుంది, గోడ మీది చార్టు వైపు చూస్తుంది, మళ్ళీ మానిటరు వైపు. వేళ్ళు నాబ్‌ని పట్టుకునే ఉన్నాయి.

భుజంతో తలుపు తోశాను.

"తిప్పండి మేడమ్! మొత్తం తిప్పెయ్యండి!"

ఆమె ఉలిక్కిపడి తిప్పింది. బిళ్ళ జర్రున గొట్టం చివరిదాకా లేచింది. అంత గాలి ఊరికే పోతుంటే చూసి, జీవితంలో మొదటిసారి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను.

"ఎవరది? ఆవిణ్ణి బయటికి పంపండి" అన్నారు సర్జన్ గారు, తలెత్తకుండానే.

"డబ్బా పాతది మేడమ్. తెల్లగా కనబడినా పాతదే. మార్పించండి" అన్నాను. ఆమె కళ్ళు డబ్బా వైపు తిరిగాయి. అప్పటికే గుళికలు పైనుంచి కిందిదాకా ఊదారంగుకి తిరిగిపోయి ఉన్నాయి. అప్పుడే సామానుతో తిరిగొచ్చిన టెక్నీషియను కొత్త డబ్బా కోసం బీరువా వైపు పరిగెత్తాడు. నర్సు వచ్చి నా భుజం పట్టుకుని బయటికి నడిపించింది.

తర్వాత ముప్పావు గంట వదిన నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. చొక్కా ఒళ్ళో పెట్టుకుని తలుపు వంక చూస్తూ కూర్చుంది. నేను గుండీలు ఏరి ఆవిడ కుర్చీ పక్కన పెట్టాను. చొక్కాకి ఇంకా నాలుగు కావాలి, మూడే దొరికాయి.

పదిన్నరకి కొత్త డాక్టరమ్మ బయటికి వచ్చింది. "బాగున్నారు. లేచారు. సార్ కూడా వచ్చి చూశారు. తలనొప్పిగా ఉందంటున్నారు, అంతే" అంది వదినతో. వదిన రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు.

ఆమె నా పక్క కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో కట్టుకుంది.

"గీత సున్నాకి దిగలేదక్కా. నాలుగు చూపించింది. కడుపులో గాలి వల్లేమో అనుకున్నా. తర్వాత ఏడైంది. డబ్బా మొదట్లోనే చూశా, తెల్లగానే ఉంది కదా అని మళ్ళీ వంగి చూళ్ళేదు. గుండె కూడా వేగంగా కొట్టుకుంటోంది. గీత తొమ్మిదికి చేరినప్పుడు నాబ్ మీద చెయ్యి వేశా."

"వేసి?"

"ఇంకొంచెం చూద్దామనుకున్నా."

"ఎంతసేపు చూశారు?"

ఆమె తలుపు వైపు చూసింది.

"ఎంతసేపు మేడమ్?"

"పదకొండు నిమిషాలు." నేలకేసి చూస్తూ అంది. "ఇప్పటికే మూడున్నాయి కదక్కా. నాలుగోది అవుతుందని..."

నా ముక్కు మీద ఉండే కోపం కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. దొరికినా ఎవరి మీద చూపించను?

"ఎర్ర చుక్క పెట్టేశాను" అంది ఆమె, లేచి నిలబడి. "కారణం ఏం రాయమంటారక్కా?"

వెటకారంగా అడిగుంటే తట్టుకునేదాన్ని. ఆమె నిజంగానే అడిగింది. తప్పు రాస్తే మళ్ళీ మీటింగులో ఏమంటానోనని, జాగ్రత్తగా అడిగింది.

"నేను రాస్తాలెండి" అన్నాను.

సాయంత్రానికి మా ఆయన దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూడగానే, "ఏమోయ్, సగం లీటరుతోనే సరిపెట్టేశారా?" అన్నాడు.

పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. డబ్బా, టీ, గేటు మామ, అద్దంలోంచి కనబడిన చెయ్యి, పదకొండు నిమిషాలు. చెబుతున్నంతసేపూ దుప్పటి అంచు నలుపుతూనే ఉన్నాను. ఆయన మధ్యలో ఆపలేదు. నేర్చుకునేవాళ్ళు కారుని గోడకి గుద్దినప్పుడు కూడా అలాగే వింటాడనుకుంటాను.

"తిట్టండి" అన్నాను చివర్లో.

ఆయన నా చేతిలోంచి దుప్పటి అంచు విడిపించాడు.

"పాపం, ఆ పిల్ల" అన్నాడు. "పదకొండు నిమిషాలు ఎంత భయపడి ఉంటుందో."

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. వార్డులో అందరూ చూస్తున్నా ఆగలేదు.

ఆయన నిద్రపోయాక థియేటర్లోకి వెళ్ళాను. గేటు మామ అడ్డం చెప్పలేదు. పెద్ద డాక్టరు గారు ఒక్కరే ఉన్నారు, మిషను ముందు. తక్కువ గాలితో నడపడంలో తప్పేమీ లేదని, అది మానొద్దని అన్నారు. మానను, సీసాలు నేను లెక్కపెట్టుకుంటాను, మనుషుల్ని లెక్కపెట్టను అని చెప్పాను. ఆయన తలూపి వెళ్ళిపోయారు.

కొత్త డబ్బా మీద తేదీ రాసి చీటీ అంటించాను. ఆ తర్వాత చార్టు దగ్గరికి వెళ్ళాను. కొత్త డాక్టరమ్మ వరసలో నాలుగో ఎర్ర చుక్క, మిగతావాటికన్నా కొత్తగా ఉంది. పక్కన కారణం గడి ఖాళీగా ఉంది. అందులో నా పేరు రాశాను. రాసి, చార్టు మొత్తం పీకేశాను. ఏడాదిగా అంటుకుని ఉందేమో, టేపుతో పాటు గోడ రంగు కూడా ఊడి వచ్చింది.